ఎడమ చెవికి

ముహర్రక్‌ల చేపల మార్కెట్ ఎనుక గల్లీ, రెండో అంతస్తు.
మేడం షైనీ తెల్ల రుమాలు పరిచి
మూడు పెట్టింది నా ముంగట.

ఒకటి కందిగింజంత.
చెవి బొక్కల కూసుంటే అద్దంల గూడ కనబడదట.
ఒకటి జీడిపిక్క లెక్క వంపు తిరిగి
చెవు ఎనుక ఒదిగేది. సన్న గొట్టం, మెత్తటి అచ్చు.
ఇంకోటి అంగీ జేబుల డబ్బ, మెడ మీంచి తీగ.
మా మేనమామ రేడియో యాదికొచ్చి
దాన్ని ఎంటనే పక్కకు జరిపిన.

నా చెయ్యి కందిగింజ మీదికే పోయింది.

పదకొండేండ్లు డ్రై డాక్‌ల చిప్పింగ్.
ఓడ కడుపు కింద ఎల్లెలకల పండుకొని
తుప్పు రాలగొట్టుడు.
చెవులల్ల దూది పెడితే చెమటకు నానేది.
నానిన దూదిల నుంచి ఇనుము లోపటికొచ్చి
మనుషుల మాటలను గూడ చిప్పింగ్ చేసింది.
హల్లులన్నీ రాలినయ్.
"పోశెట్టీ" అని పిలిస్తే
ఓ, ఎ, ఈ.
గంతే మిగిలేది నా పేరు.

మేడం గీతల కాయితం చూపెట్టింది.
రెండు గీతలు మెట్లు దిగినట్టు దిగి దిగి
కాయితం అడుగున కూలబడ్డయ్.
హిందీల ఏందో రాసిచ్చింది,
బాలకిషన్ చదివి నా చెవుల అరిచిండు:
"చిన్నది నీ చెవుడును దాస్తదట, దానితోని కొట్లాడదట.
సప్పుడు పెంచితే కుయ్యిమని ఈల కొడ్తదట.
నీ చెమటకు నెల తిరగకముందే సస్తదట."

దాసుడే గదా నాకు గావాల్సింది.
ఫోర్మన్ రోయెల్‌కు తెలిస్తే?
వచ్చే ఏడు వీసా, మెడికల్.
హెల్మెట్ పట్టీ కింద
ఆ జీడిపిక్కను యాడ దాయాలె?

ఒక్కపాలి పెట్టి చూడు, అన్నట్టు
మేడం ఎడమ చెవు ఎనుక తగిలించింది.

ముందుగాల ఏసీ. ఇసుక జల్లెడ పట్టినట్టు.
తర్వాత మేడం గాజులు.
ప్లాస్టిక్ సంచి...
ఇంత లొల్లి చేస్తదా ప్లాస్టిక్ సంచి!
"ఇనబడుతుంది" అన్న.
గోడలు అదిరినయ్.
ఎవడురా అరిచింది అని ఎనుకకు తిరిగి చూసిన.
ఎవ్వడు లేడు.

బాలకిషన్ నవ్వి నవ్వి తలుపుకు ఒరిగిండు.
"ఆరేండ్ల సంది గిట్లనే మాట్లాడుతున్నవ్.
రాత్రి ఫోన్ల జమునకు నువ్వు చెప్పేటియి
రూంల ఎనిమిది మందికి ఎరుకే.
బోరు ఎండింది, చిట్టీ మునిగింది,
ఆమె అలిగితే నువ్వు బతిమిలాడేది గూడ.
రోయెల్‌కు ఎరుకలేదా?
వాడు నిన్ను చెయ్యూపి పిలుస్తడు,
ఎన్నడన్న నోటితోని పిలిచిండా?"

ఓరి నీ.
గిన్నేండ్లు నేను దాసుకున్నది
నా ఒక్కనికే కనబడలే.

జీడిపిక్కనే ఇయ్యి మేడం, అన్న, మెల్లగ.
జతకు మూడు వందల ముప్పై దినార్లు.
జేబుల నూట డెబ్బై.

ఒక్క చెవికే.

కుడి చెవు జమునది,
అటు తిరిగి పండుకునే మాట్లాడుత.
ఎడమది క్రేన్‌ది.
పోయిన నెల కొండి ఆ దిక్కు నుంచే వచ్చింది.
హారన్ కొట్టిండ్రట.
బాలకిషన్ కాలర్ పట్టి గుంజితే గుండీ ఊడింది,
ఇంకా కుట్టుకోలే.

మేడం పెన్నుతోని ఆగింది.
నేను ఫోన్ తీసి ఒకపారి కుడి చెవు కాడ,
ఒకపారి ఎడమ చెవు కాడ పెట్టి చూసుకున్న.
ఫోన్ చెయ్యి మారుతది.
క్రేన్ మారదు.

గులాబీ రంగు పిండి, సల్లగ, ఎడమ చెవి నిండ నింపింది.
గట్టిపడేదాక మాట్లాడొద్దు,
దవడ కదిలితే అచ్చు చెడుతదట.
గోడ గడియారం కింద నోరు మూసుకొని కూసున్న.

మేడం రంగుల పలక పట్టుకొచ్చింది.
చర్మం రంగని ఒకటి చూపెట్టింది.
ఎవరి చర్మమో అది, పాలు ఎక్కువైన చాయ లెక్క.
నేను మూలకున్న ఎర్రదాని మీద ఏలు పెట్టిన.

తుప్పు రాలగొట్టినంక
ఓడకు మేమేసే మొదటి కోటు గదే రంగు.